తప్పు చూపి అమ్మిన తువ్వాల

పాదాలు నేలకు తగిలితే చాలు, లక్ష్మీరాజానికి కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. గోడకు ఆనుకుందామంటే వీపు ఒప్పుకోవడం లేదు. నట్టింట్లో పీట మీద ఒక పక్కకు ఒరిగి, వడ్ల బస్తా మీద మోచెయ్యి వేసి, కాళ్లు ముందుకు చాపి కూర్చున్నాడు.

ఊర్మిల నూనెలో పసుపు కలిపి వేడి చేసి తెచ్చింది.

"ముట్టకు," అన్నాడు.

"ముట్టకుంటె ఎట్ల మానుతది?"

"మానకున్నా మంచిదే. ముట్టకు."

ఆమె వినలేదు. అరికాలికి వేలు తగలగానే అతను పళ్లు బిగబట్టి ముఖం బస్తాలో దాచుకున్నాడు. ఊర్మిల చెయ్యి తీసేసి దేవుడి గూడు వైపు చూసింది. నిన్నంతా ఆ గూటి ముందే కూర్చుని, మనిషి ప్రాణంతో ఇల్లు చేరితే వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకుంది. మనిషి చేరాడు. సంతోషపడే తీరు మాత్రం ఆమెకు తెలియడం లేదు.

మంచం మీద ఊర్మిల అన్న పరశురాములు కూర్చుని ఉన్నాడు. సిరిసిల్లలో మరమగ్గాలున్న మనిషి. కబురు అందగానే బస్సెక్కి వచ్చి, తెలిసినవాళ్లను పట్టుకుని, చెల్లెలి మొగుణ్ణి ఠాణా నుంచి విడిపించుకొచ్చాడు.

"ఇగో రాజం, మాట్లాడకుంటె పని గాదు. ఎస్సై పొద్దుగూకే దాక టైమిచ్చిండు. గా తువ్వాల అమ్మిన పోరెవరో చూపియ్యాలె. నేను మాటిచ్చిన."

"నా బడి పిల్లల మీద మాటియ్యనీకి నువ్వెవరు బావా?"

"నువ్వు తలకిందులుగ ఏలాడుతున్నవు గావట్టి ఇచ్చిన."

ఊర్మిల చేతిలోని గిన్నె ఆగిపోయింది.

"తలకిందులుగనా?"



కథలాపూర్ అవతలి గుట్టల్లో పోలీసులు అన్నల్లో ఒకణ్ణి కాల్చి చంపారు. చచ్చినవాడి మెడలో ఒక తువ్వాల ఉంది. అది ఏ బడి తువ్వాలో రాయికల్ అంగడికి పోయే వాళ్లందరికీ తెలుసు. లక్ష్మీరాజం సారు బడిలో పిల్లలు మగ్గం మీద నేసి, వాళ్లే మూట కట్టుకుని పోయి, వాళ్లే అమ్ముతారు. పోలీసులు సారును తీసుకుపోయి శవం ముందు నిలబెట్టారు. ఆ తువ్వాల అంచులో రెండు పోగులు తప్పి సన్నని సందు ఉంది. ఆ సందు చూడగానే నేసిన చెయ్యి ఎవరిదో, అంగట్లో కూర్చున్నది ఎవరో అతనికి తెలిసిపోయింది. తెలియదన్నాడు. పడిన దెబ్బలన్నీ ఆ ఒక్క మాటకే.

"పిల్లలకు చదువు జెప్పుమని సర్కారు జీతమిస్తే నువ్వు దుకాణం వెట్టిచ్చినవ్," అన్నాడు పరశురాములు. "లెక్కలు జెప్పరాదా? సైన్సు జెప్పరాదా? గీ యాపారం ఎందుకు? అన్నలేమో పిల్లలకు సేట్ల బుద్ధి నేర్పుతున్నవంటరు. పోలీసులేమో అన్నలకు బట్టలు సప్లై చేస్తున్నవంటరు. ఇద్దరి చేతుల్ల ఒక్కడే తన్నులు తినుడు నిన్నే జూస్తున్న."

"నిరుడు అన్నలు ఊరి నడుమ పట్వారీని నరికిండ్రు. యాదికున్నదా?"

"ఉన్నది. గయితే?"

"తెల్లారి పిల్లలు బడికొచ్చి గదే ఆట ఆడిండ్రు బావా. ఒకడు నరికేటోడు. ఒకడు సచ్చేటోడు. ఒకడు పోలీసు. ఆడుతుంటె ఆడుతుంటె జలపతి అనే పోరడు దోస్తు చెవి కొరికి తెంపిండు. నోట్లె రక్తంతోని నా ముందటికొచ్చి నవ్విండు. గప్పుడు ఏ సైన్సు జెప్పుమంటవ్?"

పరశురాములు మంచం పట్టెను గోటితో గీకాడు.

"మగ్గం కాడ ఇద్దరిని జోడి కట్టిన. ఒకడు తప్పు జేస్తె ఇద్దరి బట్ట ఖరాబైతది. కోపమొస్తే మొకం మీద జెప్పాలె, చెయ్యి లేపొద్దన్న. అంగడిల కొననోన్ని తిట్టొద్దు, ఏడ్వొద్దు, ఇంకొకన్ని పిలవాలన్న. బట్టల తప్పుంటె దాచొద్దు, ముందుగాల తప్పు జూపి ఎన్క అమ్మాలన్న. గా జలపతి ఇప్పుడు చెవి తెగినోని పక్కనే గూసోని నేస్తున్నడు. నేను చేసిన నేరం గిదే."

"తప్పు జూపి అమ్ముతె నా మగ్గాలు ఎన్నడో పాతసామాన్ల తూకానికి వోతుండె," అన్నాడు పరశురాములు. నవ్వబోయి ఆగిపోయాడు. "రాజం, నువ్వు మంచోనివి. నేను కాదన్ననా? గాని మంచితనం మీద లాఠీ పడుతది. ఎవలా పోరి? పోరడా?"

లక్ష్మీరాజం బస్తా కుట్టు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"నాకన్న జెప్పరాదు?" అంది ఊర్మిల మెల్లగా.

"నీకు జెప్తే నువ్వూ మొయ్యాలె."

"ఇప్పుడు మోస్తలేనా?"

ముందరి అర్రలో కత్తెర చప్పుడు ఆగింది. అక్కడ కిష్టవ్వ అద్దెకు ఉంటోంది. మొగుడు మస్కట్‌లో ఉన్నాడు. ఈమె బీడీలు చేస్తూ కూతురు నీలను చదివించుకుంటోంది. అద్దె పేరుకే. రెండు పొయ్యిల కూరలు కలిసిపోయి చాలా కాలమైంది. నీల ఊర్మిలను పెద్దమ్మా అని పిలుస్తుంది.

కిష్టవ్వ చేతిలో బీడీ ఆకుతోనే గడప దగ్గరికి వచ్చింది.

"ఇనొద్దనుకున్న గాని చెవుల వడ్డది. సారూ, ఎవలి పిల్లో చూపియ్యుండ్రి. ఒక్క పిల్ల కోసం మీరెందుకు సావాలె? పోరలనేం జేస్తరు పోలీసోళ్లు? బెదిరిచ్చి ఇడుస్తరు. కన్నోళ్లు రెండు దినాలు ఏడుస్తరు, ఎన్క ఊకుంటరు. మా అక్క మొకం జూడుండ్రి."

లక్ష్మీరాజం ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"కిష్టవ్వా, నువ్వు పోయి బీడీలు జేస్కో."

"అయ్యో, నేను మీ మంచికే..."

"పో అన్న గద!"

ఇన్నేళ్లలో ఆయన ఆమెను గద్దించడం ఎవరూ వినలేదు. కిష్టవ్వ చిన్నబోయి వెనక్కి తిరిగింది. ఊర్మిల మొగుడి వైపు చూసింది. తర్వాత కిష్టవ్వ వీపు వైపు చూసింది.

అప్పుడే నీల ఉరికి వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్ల. లంగా మోకాలి దగ్గర చిరిగి ఉంది. చంకలో చిన్న మూట. ఊపిరి అందక తలుపు పట్టుకుని నిలబడింది.

"పోలీసోళ్లు బడిల మగ్గం ఇరగ్గొట్టిండ్రు. తుపాకి మడమలతోని. పోగులన్ని తెంపి కాలవెట్టిండ్రు."

"ఎవరన్న పిల్లలను గొట్టిండ్రా?" లక్ష్మీరాజం లేవబోయి, అరికాళ్లు నేలకు తగిలి కూలబడ్డాడు.

"జలపతిని గొట్టిండ్రు సారూ. ఎవలమ్మిండ్రో చెప్పుమని మోకాళ్ల మీద నిలవెట్టి గొట్టిండ్రు. పన్ను ఊశిపోయింది. వాడు చెప్పలే." నీల చంకలోని మూటను గట్టిగా అదుముకుంది. "వాన్ని గొడుతుంటె నాకు ఊపిరాడలే. నేనే అమ్మిన అని చెప్దామని లేస్తున్న. బడి పెద్దసారు నా నోరు మూసి అర్రల తోసిండు. కిటికిల నుంచి దుంకి వచ్చిన."

ఇల్లంతా ఒక్కసారి చిన్నదైపోయినట్టు అయింది.

కిష్టవ్వ అర్రలోంచి బీడీల చాట ఎత్తుకొచ్చి కూతురి నెత్తి మీద కొట్టింది. ఆకులూ తంబాకూ ఇల్లంతా చెదిరాయి. చాట అంచు తగిలి నీల కనుబొమ్మ చిట్లింది. కిష్టవ్వ ఆగలేదు. చాట విరిగే దాకా కొట్టింది. విరిగాక చేతులతో కొట్టింది.

"నిన్నెవరమ్మమన్నరే! నిన్నెవరు గూసోమన్నరే అంగడిల! మీ నాయిన ఎండల సచ్చి పైసలు పంపుతున్నడు, నీకు దుకాణమెందుకే!"

ఊర్మిల మధ్యలోకి పోయి రెండు దెబ్బలు తాను తిని పిల్లను వెనక్కి లాగింది.

కిష్టవ్వ రొప్పుతూ సారు వైపు తిరిగింది.

"నీకు ఎర్కేనా సారూ?"

లక్ష్మీరాజం తలూపాడు.

"నా బిడ్డనే అని ఎర్కున్నదా? నేను పిల్లను చూపియ్యుండ్రి, చూపియ్యుండ్రి అని అంటుంటె ఇనుకుంట గూసున్నవా?"

"ఇన్న."

"నా బిడ్డ కోసమా గీ దెబ్బలన్ని?"

ఆమె కూలబడి రెండు చేతులతో అతని పాదాలు గట్టిగా పట్టుకుంది. లక్ష్మీరాజం గొంతు చించుకుని అరిచాడు. ఠాణాలో కూడా అట్లా అరిచి ఉండడు. కిష్టవ్వ అదిరిపడి చేతులు వదిలేసి, తన అరచేతులకు అంటిన నెత్తుటిని చూసుకుంటూ ఉండిపోయింది.

పరశురాములు లేచాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

"ఇగ తెలిసింది గద. పా బిడ్డా, నేనే తీస్కపోత. నేనుంటె ఏమనరు. రెండు మాటలడుగుతరు, జెప్పి వద్దాం." నీల మణికట్టు పట్టుకున్నాడు.

"అన్నా, ఇడువు," అంది ఊర్మిల.

"చెల్లె, నీ పుస్తె నిలవాల్నంటె..."

మాట పూర్తి కాలేదు. కిష్టవ్వ చాటలోంచి కింద పడ్డ ఆకు కత్తెరను పిడికిట్లో పట్టుకుని అతని మీద పడింది. ముంజేతిలో దిగింది. పరశురాములు "అమ్మో!" అని పిల్లను వదిలేశాడు. ఆమె కత్తెర లాగి మళ్లీ ఎత్తింది. ఊర్మిల ఆమె చెయ్యి ఒడిసిపట్టుకుంది. ఇద్దరు ఆడవాళ్లు తంబాకు పొడిలో కలబడి పడ్డారు. కత్తెర ఎగిరి గూటి కింద పడింది.

"సంపుత! నా బిడ్డను ముడితే సంపుత!"

"ఎవలు ముడుతలేరే! ఆగు! సైసు కిష్టా!"

పరశురాములు చెయ్యి నుంచి రక్తం చుక్కలు చుక్కలుగా అరుగు దాకా కారింది. ఊర్మిల లేచి కట్టు కట్టడానికి బట్ట కోసం చుట్టూ చూసింది. ఆమే నీల చంకలోని మూట లాగి విప్పింది. లోపల కొత్త తువ్వాల ఉంది.

నీల దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"గిది వద్దు పెద్దమ్మా."

"రక్తం కారుతున్నదే పిల్లా!"

"గిది వద్దు. గిది ఇంకొకాయినది."

"ఎవలది?"

"సచ్చిపోయినాయిన దోస్తుది. కొన్ననాడే సచ్చిపోయినాయిన గసుంటిదే ఇంకోటి నెయ్యుమన్నడు, తప్పు లేకుంట. రేపటి అంగడికి గా దోస్తొచ్చి తీస్కపోతడన్నడు. నేను సరేనన్న."

పరశురాములు తన చేతి రక్తం సంగతి మరిచిపోయాడు. ఊర్మిల తన కొంగు చింపి ఆ చేతికి చుట్టింది.

"నేనినలే," అన్నాడు పరశురాములు. "చెల్లె, నేనేం ఇనలే. గిది పెద్ద ముచ్చట. రెండు దిక్కులా తుపాకులున్నయి." ముడి పూర్తిగా పడకముందే బయటికి నడిచాడు.

లక్ష్మీరాజం నీలను దగ్గరికి పిలిచాడు. ఆమె కనుబొమ్మ మీది రక్తాన్ని బొటనవేలితో తుడిచాడు.

"బిడ్డా, గీ సంగతి ఎవలకు జెప్పకు."

"పోలీసులడుగుతె?"

"జెప్పకు."

"అబద్ధం జెప్పుమంటున్నరా సారూ?"

ఆయన తడబడ్డాడు. "అబద్ధం గాదు. ఊకుండుడు."

"ఊకున్నోడు గూడ చేసినట్టే అని మీరే అన్నరు గద? జలపతిని గొడుతుంటె ఊకున్నందుకు నాకు నా మీదనే అసహ్యమైంది."

ఆయన ఆ మాట అన్నప్పుడు తరగతిలో మధ్యాహ్నం ఎండ పడుతోంది. పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. విషయం ఎవరివో సుద్దముక్కలు పోవడం. అప్పుడు చెప్పడం సుఖంగా ఉంది. నిజం చెప్పమని పిల్లలకు నేర్పితే, ఆ నిజాన్ని వినే వాళ్లు ఎట్లాంటి వాళ్లో కూడా నేర్పాలని ఆయనకు తోచలేదు. దేవుడు తనను క్షమించాలా, ఈ పిల్ల క్షమించాలా అని ఒక్క క్షణం అనుకున్నాడు.

"నాకు భయమైతున్నది నీలా," అన్నాడు చివరికి.

"నాకూ అయితున్నది సారూ."

కిష్టవ్వ అప్పటికే ట్రంకుపెట్టె తెరిచి కూతురి బట్టలు సంచిలో కుక్కుతోంది. "కోరుట్ల దాక నడుస్తం. ఆడ ఏ బస్సు దొరికితె గా బస్సు. పా!"

వీధి చివర జీపు ఆగిన చప్పుడు వినిపించింది.

ఎస్సై చెప్పులు విడిచే ఇంటికి వచ్చినట్టు, గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, బూట్లతోనే లోపలికి వచ్చాడు. కోస్తా వైపు మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు. వెనక ఇద్దరు జవాన్లు, వాళ్ల మధ్య పరశురాములు.

"మీ బావగారు వీధిలో కనిపించారు మాస్టారూ. చేతికి ఆ కట్టేమిటంటే మగ్గం తగిలిందంటున్నారు. ఈ ఇంట్లో మగ్గం ఎక్కడుంది?"

పరశురాములు తల వంచుకున్నాడు. కానీ మాట మార్చలేదు.

"సిరిసిల్లల తలిగింది సార్."

"అలాగా." ఎస్సై కింద చెదిరిన ఆకులను, రక్తపు చుక్కలను చూశాడు. పీట ముందు నిలబడ్డాడు. "కాళ్లెలా ఉన్నాయి? సరే, చెప్పండి. తువ్వాల ఎవరు అమ్మారు?"

"నేనే అమ్మిన."

"పోయిన అంగడి రోజు మీరు జగిత్యాలలో మీటింగులో ఉన్నారు."

"అంతకు ముందటి అంగడిల అమ్మిన."

ఎస్సై బూటు ఎత్తి అతని పాదం మీద పెట్టాడు. ఇంకా బరువు వెయ్యలేదు. ఊరికే పెట్టాడు. లక్ష్మీరాజం నుదుటి మీద చెమట పొంగింది.

ముందరి అర్ర తలుపు వెనక కిష్టవ్వ కూతురి నోరు అరచేత్తో మూసి, ఒళ్లో అదిమి పట్టుకుని ఉంది. నీల ఆ చేతిని కొరికింది. కిష్టవ్వ కెవ్వుమంది. నీల బయటికి వచ్చి నిలబడింది.

"నేనమ్మిన సార్. సారు అంగడికే రాలే."

బూటు పాదం మీద నుంచి లేచింది. ఎస్సై మంచం మీద కూర్చుని పిల్లను దగ్గరికి రమ్మన్నాడు.

"భేష్. పేరేంటి? నీలా? భయపడకు. ఎలా అమ్మావో చెప్పు."

"పొద్దుగాల్నే అచ్చిండు. ఇంక ఎవలూ రాలే. బోని బేరం, ఎన్కకు పంపొద్దు. తువ్వాల తీసుకున్నడు. అంచుల రెండు పోగులు తప్పినయని చూపిచ్చిన. మంచిది కావాల్నంటె ఇంకోటి తీస్కోమన్న. నవ్విండు. తప్పు జూపి అమ్మే దుకాణం యాడ జూడలేదన్నడు. గదే కొనుక్కున్నడు."

ఎస్సై కూడా నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "ఇంకేమన్నాడు?"

నీల సారు వైపు చూసింది. తల్లి వైపు చూసింది. తర్వాత ఎస్సై కళ్లలోకి చూసింది.

"ఇంకో మాట అన్నడు సార్. గది నేను జెప్ప."

"ఏమీ అనలేదని చెబితే పోయేది కదమ్మా?"

"అన్నడు. అనలేదని అబద్ధం జెప్ప. ఏమన్నడో గూడ జెప్ప."

జవాన్లలో ఒకడు కిసుక్కుమన్నాడు. ఎస్సై నవ్వు అక్కడే ఆగిపోయింది. పిల్ల మీద చెయ్యి వెయ్యలేదు. లేచి, మళ్లీ పీట దగ్గరికి వచ్చి, ఈసారి పాదం మీద నిలబడ్డాడు. తన మొత్తం బరువుతో నిలబడి, మడమ అటూ ఇటూ తిప్పాడు.

లక్ష్మీరాజం నోటి నుంచి వచ్చింది అరుపు కాదు. ఎండుకట్టె విరిగిన చప్పుడు ఒకటి వినిపించింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ అర్థమైంది.

"జెప్పకు బిడ్డా..." అన్నాడు.

మడమ మళ్లీ తిరిగింది.

"ఇంకొకడొస్తడు!" అని అరిచింది ఊర్మిల. "రేపు అంగడికొస్తడు! తువ్వాల కోసం పిల్ల కాడికొస్తడు! ఇడువుండ్రి, మీ కాళ్లు మొక్కుత, ఇడువుండ్రి ఆయిన్ని!"

ఎస్సై కిందికి దిగాడు.

కిష్టవ్వ ఊర్మిలను చూసింది. తిట్టలేదు. శాపం పెట్టలేదు. ఎన్నో ఏళ్లు ఒకే వాకిట్లో ఒకరి తల ఒకరు దువ్వుకున్న ఇద్దరు. ఆ ముఖాన్ని ఎన్నడూ చూడని దానిలా చూసింది. ఊర్మిల చిరిగిన కొంగు నోట్లో కుక్కుకుంది. రాజన్నకు ఆమె మొక్కింది కోడెను. ఇచ్చింది ఇంకొకరి బిడ్డను. ఆ దేవుడికి ఏది ముట్టిందని అనుకోవాలి?

"రేపు అంగట్లో పిల్ల తన చోట తను కూర్చుంటుంది," అన్నాడు ఎస్సై. "మా వాళ్లు చుట్టూ ఉంటారు. ఎవరైనా ముందే కబురు పంపితే కష్టం. కాబట్టి రాత్రికి పిల్ల మా దగ్గర ఉంటుంది. ఆ తువ్వాల కూడా తీసుకోమ్మా."

కిష్టవ్వ వాకిలికి అడ్డంగా పడుకుంది. ఒక జవాను ఆమె జుట్టు పట్టి పక్కకు ఈడ్చాడు. ఆమె లేచి ఉరికి జీపు ముందు చక్రం దగ్గర పడింది. డ్రైవరు దిగి ఆమె పక్కటెముకల మీద తన్నాడు. రెండో తన్ను తిన్నా ఆమె చక్రం వదల్లేదు. మూడో తన్నుకు చేతుల పట్టు వదిలిపోయింది. వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. కిటికీల సందుల్లో మాత్రం కళ్లున్నాయి.

పరశురాములు రక్తం కారే చేతినీ మంచి చేతినీ జోడించాడు. "ఆడపిల్ల సార్. పొద్దుగాల నేనే తీస్కొస్త సార్." ఎవరూ అతన్ని లెక్క చెయ్యలేదు.

నీలను వెనక సీట్లో కూర్చోబెట్టారు. జీపు కదలబోతుంటే ఊర్మిల చెప్పులైనా లేకుండా వచ్చి వెనక టార్పాలిన్ పట్టా ఎత్తి ఎక్కి కూర్చుంది.

"నువ్వెక్కడికమ్మా?" అన్నాడు ఎస్సై ముందు నుంచి.

"పిల్లతోని."

"మీ ఆయన్ని చూసుకో పో."

"మా ఆయినకు మా అన్న ఉన్నడు. గీ పిల్లకు నేనున్న."

ఎస్సై భుజాలు ఎగరేశాడు. జీపు కదిలింది. దుమ్ములో కిష్టవ్వ మోకాళ్ల మీద లేచి కూర్చోవడం ఊర్మిలకు కనిపించింది. అంతకు మించి ఆమె చూడలేకపోయింది.

నీల ఆ చివర ఒదిగి కూర్చుంది. ఊర్మిల చెయ్యి చాపింది. నీల తన చెయ్యి తీసి తువ్వాల కింద పెట్టుకుంది. కనుబొమ్మ మీది నెత్తురు ఎండి నల్లబడింది. జవాన్లు బీడీలు ముట్టించుకున్నారు. పొలాల మీద పొద్దు ఎర్రగా వాలుతోంది.

ఊరి పొలిమేర దాటాక తొవ్వ రెండుగా చీలుతుంది. ఠాణాకు పోయేది కుడి వైపు. జీపు చీలిక దగ్గర ఆగింది. డ్రైవరు స్టీరింగును ఎడమకు తిప్పి పెట్టుకున్నాడు. అటు ఆ మనిషిని కాల్చి చంపిన గుట్టలు తప్ప ఇళ్లు లేవు.

"గిటెటు?" అంది ఊర్మిల. "ఠాణా గటు గదా?"

"ఇక్కడిదాకా చాలమ్మా," అన్నాడు ఎస్సై వెనక్కి తిరగకుండా. "దిగు."

ఊర్మిల నీలను చూసింది. పిల్ల రోడ్డు వైపు చూస్తోంది.

"నాకు నీ మీద మస్తు కోపమున్నది పెద్దమ్మా. గది ఇప్పట్ల పోదు." తువ్వాలను ఒళ్లోకి లాక్కుంది. "గాని నువ్వు దిగకు."

ఊర్మిల పక్కనున్న ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది.

జవాను బీడీ పారేసి, తుపాకి తిరగేసి, దాని మడమను ఆమె వేళ్లకు గురిపెట్టి పైకెత్తాడు.

"చేతులు తియ్యమ్మా," అన్నాడు. అతని గొంతులో కొంచెం బతిమాలుతున్నట్టే ఉంది.

ఊర్మిల తియ్యలేదు.